చప్పుడు వేరు, కుదుపు వేరు

బెంగళూరు
ఆదివారం, మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్లో "కారు నాలుగు షాక్ అబ్సార్బర్లూ పోయాయంటున్నారురా, శనివారం బండి గ్యారేజీకి ఇచ్చేస్తున్నా" అన్నావు చూడు, అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పిల్లల గోలలో చెప్పాలనుకున్నది సగం కూడా చెప్పలేకపోయాను. అందుకే భోజనం కాగానే కూర్చుని రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివేదాకా బండి తాళం ఎవరి చేతిలోనూ పెట్టకు.

నాదీ నీలాంటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారే కదా. కొన్న మూడో నెలలో ముందు ఎడమ చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. ఆఫీసులో ఊపిరాడని రోజులవి. ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్లి "ముందు నుంచి సౌండ్ వస్తోంది, చూడండి" అన్నాను. వాళ్లు జాబ్ కార్డు మీద "ఫ్రంట్ నాయిస్" అని రెండు ముక్కలు రాసుకున్నారు. సాయంత్రం ఫోన్ చేసి ముందు షాకులు రెండూ, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకి కలిపే ఇనుప చేయి) రబ్బరు బుష్‌లూ మార్చాలన్నారు. సరే అన్నాను. డబ్బు సంగతి అలా ఉంచు. బండి తెచ్చుకున్న రోజు మా వీధి మలుపు తిరిగానో లేదో, మళ్లీ అదే చప్పుడు! పైగా అంతకు ముందు లేని బాధ ఇంకోటి వచ్చి చేరింది. రోడ్డు మీద చిన్న అతుకు ఎక్కినా నడుముకి గుద్దినట్టు కుదుపు. అడిగితే "కొత్త షాకులు కదా సార్, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటాయి" అన్నారు. నెల తిరిగినా సర్దుకోలేదు. బండి ఎక్కాలంటేనే టెన్షన్. ఎన్నేళ్లు దాచి కొనుక్కున్న బండిరా అది.

అప్పుడు బాబాయి గుర్తొచ్చారు. ఆటోనగర్ షెడ్డులో మనం సెలవుల్లో బోల్టులు ఏరుతూ కూర్చునేవాళ్లం, నీకు గుర్తుందా? లారీ వచ్చి ఆగితే బాబాయి ముందు పానా పట్టుకునేవారు కాదు. డ్రైవర్‌కి టీ చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగేవారు. లొడలొడమంటోందా, టక్కుమంటోందా? కీచుమంటోందా, గుయ్యిమంటోందా? ఖాళీ బండికా, లోడు మీదా? బ్రేకు తొక్కితే ఆగుతోందా, పెరుగుతోందా? పొద్దున్న చల్లగా ఉన్నప్పుడా, పదిమైళ్లు పోయాకా? డ్రైవర్ విసుక్కున్నా ఆయన వదిలేవారు కాదు. అవన్నీ విన్నాకే లారీ కిందకి దూరేవారు. నన్ను ఆ గ్యారేజీలో ఒక్కరూ ఒక్క ప్రశ్నా అడగలేదు. నేనూ చెప్పలేదు.

మన భాషలో చప్పుళ్లకి ఎన్ని మాటలున్నాయో చూడు, ఒక్కోటీ ఒక్కో రోగం పేరు లాంటిది. లొటలొట అంటే ఎక్కడో జాయింటు వదులైంది. కిర్రుకిర్రుమంటే ఎండిన రబ్బరు ఇనుముకి రాసుకుంటోంది. గలగలమని పలచగా మోగితే సైలెన్సర్ పక్కనుండే రేకు ఊడి ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు పిడికిలితో తడితే అదే పలుకుతుంది. గుయ్యిమంటూ వేగంతో పాటు పెరిగే రొద అయితే వీల్ బేరింగ్ కావచ్చు, ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కావచ్చు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఎడమకి, కుడికి వంపు తిప్పి చూడు. ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు రొద పెరిగితే కుడి బేరింగ్‌ని అనుమానించు. వంపుకి ఏమీ మారకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేయించి చూడు (నాలుగూ ఒకే సైజు అయితేనే). రొద కూడా చోటు మారితే తప్పు టైరుదే. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పినప్పుడు టంగుమంటే షాకు పైనున్న మౌంటింగ్ బేరింగ్.

నువ్వేమో నిన్న "ఏదో శబ్దం, బాగా హార్డ్‌గా కూడా ఉంది" అని రెండూ ఒకే గాటన కట్టేశావు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. చప్పుడు వేరు, కుదుపు వేరురా. రెండూ ఒకే బండిలో ఉన్నంత మాత్రాన ఒకే చోట నుంచి రానక్కర్లేదు. నా బండిలో రాలేదు.

ఎలా తెలిసిందో చెబుతాను. విల్సన్ గార్డెన్ వెనక సందులో ఒకాయన ఉన్నాడు, చింతామణి పక్క ఊరు. మన తెలుగే, మధ్యమధ్య కన్నడం కలుపుతాడు. బండి చూపించబోతే "ముందు పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని తిప్పండి సార్" అన్నాడు. అచ్చం బాబాయే. ఆయన నన్ను రెండు రకాల రోడ్ల మీదకి తీసుకెళ్లాడు.

మొదటిది ఒక లేఅవుట్ లోపలి రోడ్డు. వరసగా హంపులు. నీకు తెలుసుగా, ఇక్కడ స్పీడ్ బ్రేకర్‌ని అందరూ హంప్ అనే అంటారు. ముందు రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా తిన్నగా పొమ్మన్నాడు. చప్పుడు లేదు! తర్వాత ఎడమ చక్రం ఒక్కటే గుంతలో పడేలా రోడ్డు అంచున పొమ్మన్నాడు. లొటలొట, లొటలొట. ఆయన వెంటనే "లింక్ రాడ్ సార్" అన్నాడు.

ఎందుకంటే, రెండు ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, యాంటీ రోల్ బార్. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా అది మెలితిరిగి ఆపుతుంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ కడ్డీ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, మెలి పడదు. ఒక చక్రం లేచి ఇంకోటి లేవకపోతేనే దాని మీద బలం పడుతుంది. కడ్డీ కొసల్ని చక్రం వైపు కలిపే సన్నటి లింక్ రాడ్లకి రెండు చివరలా చిన్న బాల్ జాయింట్లుంటాయి. అవి వదులైతే సరిగ్గా ఆ ఒంటి చక్రం గుంతలోనే పలుకుతాయి. షాకు పాడైతే రెండు చక్రాలు కలిసి ఎక్కినా ఊరుకోదు.

వెనక్కి వచ్చాక స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి ఇంజిన్ ఆపాడు. వాళ్ల కుర్రాడు ఫెండర్ పట్టుకుని బండిని ఊపుతుంటే నా చేయి పట్టుకుని టైరు వెనకాల ఆ లింకు మీద పెట్టాడు. బొటనవేలి కింద టిక్ టిక్‌మని కొట్టుకోవడం స్పష్టంగా తెలిసింది, నాడి చూసినట్టు. పైనున్న రబ్బరు టోపీ చిరిగి ఉంది. లోపల గ్రీజు మట్టితో కలిసి నల్లటి ముద్దయింది, వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరమంది. జేసీ రోడ్డులో జత దొరికింది. షాకులకి అయినదాంట్లో పదో వంతు కూడా కాలేదురా. అరగంట పని. చప్పుడు పోయింది, ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

కుదుపు మాత్రం అలాగే ఉంది. దానికోసం ఆయన ఎంచుకున్న రెండో రోడ్డు ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్. దాదాపు 10 కిలోమీటర్లు, మధ్యలో సిగ్నళ్లు లేవు, ఇనుప అతుకులు దారి పొడుగునా ఉంటాయి. అతుకు అడ్డంగా ఉంటుంది కాబట్టి రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కుతాయి, లింకు గోల లేకుండా కుదుపు ఒక్కదాన్నే గమనించవచ్చు. ప్రతి అతుకు దగ్గరా దబ్‌మని దెబ్బ సీటు వరకు వచ్చింది. "వెనక నుంచి కాదు, ముందు నుంచే. కొత్త బుష్‌లు వేశారు కదా, ఎలా బిగించారో చూడాలి" అన్నాడు.

ఇది మాత్రం శ్రద్ధగా చదువు. బుష్ అంటే బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక చిన్న గొట్టం, ఆ రెంటికీ అంటుకుపోయి మధ్యలో రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టేస్తుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా తిరిగేది రబ్బరే. బండిని లిఫ్ట్ మీద లేపితే చక్రాలు కిందికి వేలాడతాయి కదా, ఆర్మ్ కూడా వాలిపోతుంది. ఆ వాలులోనే బోల్టు పూర్తిగా బిగించేస్తే, బండి దించగానే ఆర్మ్ పైకి వచ్చి రబ్బరు మెలితిరిగిపోతుంది. ఇక బండి ఆగి ఉన్నా ఆ రబ్బరుకి విశ్రాంతి లేదు. స్ప్రింగుకి తోడు అదో స్ప్రింగైపోతుంది, ప్రతి దెబ్బనీ బాడీలోకి పంపుతుంది, చివరికి ముందుగానే చిరుగుతుంది. బండి తన బరువుతో చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే ఆ బోల్టుల ఆఖరి బిగింపు పడాలి. అలా కుదరకపోతే చక్రం కింద జాకీ పెట్టి ఆ ఎత్తుకి తెచ్చి బిగించాలి.

అతని దగ్గర పాతకాలం పిట్ ఉంది. మీ షెడ్డులో మనం భయపడుతూ దిగేవాళ్లమే, అలాంటిదే. బండి చక్రాల మీదే నిలబడి ఉంటుంది, మనిషి కిందికి దిగుతాడు. ఈ పనికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదని నాకిప్పుడు గట్టి నమ్మకం. బోల్టు వదులు చేయగానే టక్‌మని ఒక చప్పుడు, ఆర్మ్ ఒక్క పిసరు కదిలి కుదురుకుంది. నేను పక్కనే వంగి చూస్తున్నాను. నెల రోజులు మెలిపడి ఉన్న రబ్బరు ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది. తర్వాత బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన లెక్కకి బిగించాడు. అదే ఫ్లైఓవర్ ఎక్కాం. అతుకులు తెలుస్తూనే ఉన్నాయి, దెబ్బ మాత్రం లేదు. స్పోర్ట్స్ బండి గట్టిగా ఉండాలి, రోడ్డు తెలియాలి, అది దాని లక్షణం. మనిషిని కొట్టకూడదు.

ఇప్పుడు నీ బండి సంగతి. పైసా ఖర్చు లేకుండా ముందు చేయాల్సినవి టైర్ల దగ్గరే ఉన్నాయి. పక్కన నాలుగంకెల తేదీ చూడు. 1618 అని ఉంటే 2018లో 16వ వారం తయారైందని. నీ బండి పాత యజమాని దగ్గర పెద్దగా తిరగలేదన్నావు. తిరగని టైరు మీద గీతలు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. సైజు కూడా చూడు. కంపెనీ ఇచ్చింది 225/45 ఆర్17 (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం) అయ్యి, అతను సోకు కోసం 225/40 ఆర్18 వేయించి ఉంటే, పక్క గోడ 101 మిల్లీమీటర్ల నుంచి 90కి తగ్గిపోయినట్టే. ఆ పోయిన సెంటీమీటరు నీ నడుముకి తెలుస్తుంది. స్ప్రింగులు కూడా మార్చి బండిని కిందికి దించారేమో అడుగు. దించిన బండిలో షాకు కొంచెం దూరమే ఆడి, చివర అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మకి (బంప్ స్టాప్) వెళ్లి కొట్టుకుంటుంది. దానికి కొత్త షాకులు వేసినా లాభం లేదు.

గాలి సంగతి మర్చిపోకు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు అలవాటు కొద్దీ 40 కొట్టేస్తాడు. పొద్దున్నే బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. నడిచాక కొలిస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. ఇంకోటి, బండి వారాల తరబడి కదలకుండా ఉంటే నేలకి ఆనిన చోట టైరు చదునవుతుంది. టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు రెండు మీటర్లు, అంటే 72 కిలోమీటర్ల వేగంలో సెకనుకి పది దెబ్బలు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక నాకలాగే అయింది. కొన్ని కిలోమీటర్లు నడిచి టైర్లు వేడెక్కాక దానంతటదే పోయింది.

బానెట్ మూల నొక్కి వదిలి "షాకు పోయింది" అనేవాడి మాట నమ్మకు. అంబాసిడర్‌కి ఆ పరీక్ష సరిపోయేది. నీ బండి చేత్తో నొక్కితే కదలనే కదలదు, దాంట్లో ఏం తెలుస్తుంది? షాకు మీద నూనె కారిన జిడ్డు ఉందేమో చూడమను, అది సాక్ష్యం. నువ్వు మాత్రం ఒట్టి జాకీ మీద నిలబెట్టి కిందికి దూరకు. స్టాండ్లు లేకపోతే ఆ పని వద్దు, నా మీద ఒట్టు.

బాబాయి ఇప్పుడు నీ దగ్గరే ఉన్నారు కదరా. నీ పక్కనున్న ఆ ఒక్క సీటులో ఆయన్ని కూర్చోబెట్టుకుని రేపు పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు తీసుకెళ్లు. ఏసీ, పాటలు ఆపెయ్, డిక్కీలో జాకీ, సామాను అన్నీ తీసెయ్, జేబులో చిల్లర కూడా ఇంట్లో పెట్టు. ఒంటి చక్రం ఒకసారి, రెండు చక్రాలు ఒకసారి. ఆయన్ని కళ్లు మూసుకుని వినమను. ఆయన ఏమన్నారో ఆ మాటే, లొటలొట అంటే లొటలొట అనే, కాగితం మీద రాసిపెట్టు. శనివారం బండి ఇస్తే ఆ కాగితంతో ఇవ్వు. బుష్‌లు మార్చాల్సి వస్తే, చక్రాల మీద నిలబెట్టే బిగించాలని నువ్వే పక్కన నిలబడి చెప్పు.

నా బండిలో ఒక్కటి మిగిలింది. పొద్దున్న చలికి టాప్ (తెరుచుకునే పైకప్పు) మూసి నడిపితే కుడి చెవి వెనకాల కీచ్ కీచ్‌మంటుంది, ఎండ ఎక్కాక ఉండదు. టాప్ తెరిస్తే అసలే రాదు. రబ్బరు అంచులకి సిలికాన్ గ్రీజు పలచగా రాశాను, సగం తగ్గింది. మిగతా సగం కొక్కెం దగ్గరదా, అద్దం రబ్బరుదా అన్నది తేలడం లేదు. నడుస్తున్న బండిలో అద్దం ఒక్క వేలెడు దించితే చప్పుడు ఉంటుందా పోతుందా అని బాబాయి అడుగుతారని నాకు తెలుసు. రేపు పొద్దున్న అది చూసి ఫోన్ చేస్తాను. ఫోన్ ఆయనకే ఇవ్వు.

నీ
రఘు