మూల ప్లాటు నుంచి వచ్చే వాన నీళ్ల గురించి

అందరికీ నమస్కారం. మూల ప్లాటులో కొత్త ఇల్లు కట్టేవాళ్లు మొరం పోసి లెవల్ పెంచారు. అప్పట్నుంచి వాన పడితే ఎర్రనీళ్లు పక్కింటి సంపు మూత దాకా వస్తున్నాయి. ఆ ఇంట్లో పెద్దవాళ్లున్నారు, చాలా బాధగా ఉంది.

ఒక లెక్క చూడండి. 200 గజాల స్లాబు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 8 వేల లీటర్లకు పైగా నీళ్లు. ఇప్పుడు స్లాబు పైపులు రెండూ పక్కింటి గోడ వైపే తిప్పారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (ఒకరి స్థలం విషయంలో పక్కవాళ్లకుండే హక్కుల చట్టం) ప్రకారం పై నేల మీద పడి సహజంగా పారే నీటిని కింది నేలవాళ్లు రానివ్వాలి. మట్టి పోసి, పైపు పెట్టి పక్కవాళ్ల మీదికి వదలడం సహజ ప్రవాహం కాదు కదా!

ఆదివారం పొద్దున ఓనరుగారితో నలుగురం కూర్చుని మర్యాదగా మాట్లాడదాం. పైపులు వాళ్ల స్థలంలోని ఇంకుడు గుంతకు కలపాలి, మిగిలిన నీళ్లు రోడ్డు కాలువలోకి పోవాలి. స్లాబు పనివాళ్లు ఉండగానే అయితే ఖర్చు తక్కువ. కాలువ పక్కన పోసిన ఇసుక, కంకర కూడా తీయించాలి, సగం అడ్డం అదే. వినకపోతే ఫొటోలతో మున్సిపాలిటీకి రాద్దాం. అందుకే వాన పడుతున్నప్పుడే వీడియోలు తీసి, తేదీతో ఇక్కడ పెట్టండి.

నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూతలు మాత్రం దయచేసి ఎవరూ తెరవొద్దు. నీళ్లలో తెరిచిన గుంత కనపడదు, పిల్లలు తిరిగే దారి.