బ్యాటరీ సంగతి తరువాత, ముందు జవాబు చెప్పండి

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: రిమోట్‌తో నడిచే ఆర్‌సీ ట్రక్కు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బడం, దానిపై మీవాళ్లు నన్ను తిప్పిన తీరు

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో కొన్న లైపో ప్యాక్ వారంటీ గడువులోనే ఉబ్బింది. బ్యాటరీ గురించి ఇంతకు మించి రాయను. బిల్లు, ఫోటోలు, ఒక్కో సెల్ వోల్టేజి ఎప్పుడో మెయిల్‌లో పంపాను. తెరిచి చూసిన పుణ్యాత్ముడు లేడు. ఈ ఉత్తరం మీ మనుషుల గురించి.

మొదట ఫోన్ ఎత్తిన అబ్బాయి రిమోట్‌లో పెన్సిల్ సెల్స్ మార్చి చూడమన్నాడు. లోపం రిమోట్‌లో లేదు బాబూ, ట్రక్కులోని బ్యాటరీది అంటే, అదీ మార్చి చూడమన్నాడు. ఆ మార్చేది మీరు ఇవ్వాలనే కదా నా గోల!

తరువాత మాట్లాడిన అమ్మాయి ఎంతో మర్యాదస్తురాలు. ప్యాక్‌ను ఛార్జింగ్‌కు పెట్టి, ఉబ్బుతుండగా వీడియో తీసి పంపితే తప్ప ఫిర్యాదు కదలదని మర్యాదగానే చెప్పింది. ఉబ్బిన లైపోను ఛార్జర్‌కు తగిలించవద్దని, నిప్పంటుకునే ప్రమాదం ఉందని మీరు ప్యాక్‌తో ఇచ్చిన కాగితంలోనే ఉంది. ఆ వాక్యం చదివి వినిపించాను. "అది సాధారణ సూచన సార్, వీడియో మాత్రం తప్పనిసరి" అంది. పూరీ పొంగుతుంటే తీయమన్నా తీస్తాను గానీ ఇది పూరీ కాదమ్మా అన్నాను. లైన్‌లో ఉండమని వెళ్లింది. మీ ఫోన్‌లో మోగే సంగీతం ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

ఆ పై అధికారి అయితే ఏమీ అడగకుండానే తప్పు నా వాడకానిదని తేల్చేశాడు. సెల్ 3 వోల్టుల కిందికి దిగకుండా, మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీలో కటాఫ్ పెట్టాను. ట్రక్కు నడపని రోజుల్లో ఒక్కో సెల్‌ను 3.8 వోల్టుల దగ్గర ఉంచుతాను. అన్ని సెల్స్‌నూ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ లేకుండా 4.2 వోల్టులకు ఎక్కించిన పాపం ఎరుగను. ఇవీ ఆ మెయిల్‌లోనే ఉన్నాయి. మెయిల్ చూడటం తమ విభాగం పని కాదట.

పోనీ కొరియర్‌లో పంపమన్నారు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీని విమానంలో ఎక్కించకూడదన్న సంగతి హబ్సిగూడ కొరియర్ దుకాణంలో కుర్రవాడికి తెలుసు, బ్యాటరీలు అమ్మే మీకు తెలియదు. కోఠిలోని మీ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లమన్నారు. ఆర్టీసీ బస్సులో జనం మధ్య దాన్ని ఒళ్లో పెట్టుకునే ధైర్యం లేక, బిల్లు, ఫోటోలతో వెళ్లాను. అక్కడి పెద్దమనిషి తల ఎత్తకుండానే, తాము ఫోన్లే చూస్తామని, "బొమ్మల" సంగతి కంపెనీతో తేల్చుకోమని సెలవిచ్చారు. ఇల్లు చేరకముందే మీ సందేశం: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు నక్షత్రాలు ఇవ్వండి!

నికెల్ బ్యాటరీల కాలం నుంచి నేను మీ కొనుగోలుదారును. లైపోకు మారినప్పుడు ఛార్జర్‌తో సహా అన్నీ మీ దగ్గరే తీసుకున్నాను. ఆదివారం మైదానంలో నా ట్రక్కు చూసి ముచ్చటపడిన ప్రతి తండ్రికీ మీ పేరే చెప్పాను. ఇప్పుడు వాళ్లంతా "మీ కంపెనీవాళ్లు ఏమన్నారండీ?" అని అడుగుతున్నారు. నా కంపెనీ అట! జీతం మాత్రం ఇవ్వరు.

ప్రస్తుతం ఆ ప్యాక్ డాబా మీద నీడలో, ఇసుక పోసిన మట్టికుండలో ఉంది. మా ఆవిడ అటువైపు బట్టలు ఆరేయడం మానేసింది. కొత్తది ఇస్తారో, డబ్బు తిరిగి ఇస్తారో మీ విజ్ఞత. దాన్ని తీసుకువెళ్లడం మాత్రం మీ దయ కాదు. ప్యాక్ మీద ఉన్నది మీ పేరే, 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీల సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారు మీదే పెట్టాయి.

ఇంకొకటి. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు నక్షత్రాలు అడగడంలో చూపిన వేగం ఇందులో చూపలేదు. ఈ వారంలో పూర్తి మెయిల్ చదివిన మనిషి ఎవరైనా నాకు ఫోన్ చేయాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబుతాను, అక్కడితో ఆగకుండా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ రుసుము కూడా లేదు. మీవాళ్ల పుణ్యమా అని ఓపిక బాగా అలవాటైంది.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు,
నాచారం, హైదరాబాద్

తా.క.: ప్యాక్ కోసం మనిషిని పంపితే, కుండలో ఏముందో అతనికి ముందే చెప్పి పంపండి.