తుక్కు రేటు బోర్డు మీద ఉండాలి: పరిశ్రమల శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పాత ఇనుము, రాగి, అల్యూమినియం కొని అమ్మే వ్యాపారం నాది. పొద్దున ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటు చెబితే, ఇంటింటికీ తిరిగి సరుకు తెచ్చేవాళ్లు మమ్మల్ని దొంగల్లా చూస్తారు. వాళ్ల అనుమానం పూర్తిగా తప్పని కూడా అనలేను.

రాగి, అల్యూమినియం రేట్లు 1877లో మొదలైన లోహాల మార్కెట్ అయిన లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌ని చూసుకుని కదులుతాయి. అక్కడి డాలరు ధరకు మారకం విలువ కలిసి మా కాటా దాకా వస్తుంది. ఇనుము సంగతి వేరు. దాన్ని కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేసులకు ఆర్డర్లు తగ్గినా, కరెంటు ఖర్చు పెరిగినా ముందు కోత పడేది తుక్కు రేటుకే. తుక్కును భారీగా దిగుమతి చేసుకునే టర్కీ మిల్లులు కొనడం తగ్గిస్తే ఆ సెగ చాలా దూరం తగులుతుంది.

అసలు గొడవంతా గ్రేడు దగ్గరే. ప్లాస్టిక్ తొడుగు ఒలిచిన, మెరిసే రాగి తీగకు మంచి రేటు. అదే తీగను కాల్చి తెస్తే నల్లబడి రేటు పడిపోతుంది, పీల్చిన పొగ అదనం. అల్యూమినియం ముక్కకు ఒక్క ఇనుప బోల్టు వదిలేసినా మొత్తం తూకానికి తక్కువ గ్రేడు కడతారు. ఈ మాట ముందే చెప్పేవాళ్లు తక్కువ.

ధర మీరు నిర్ణయించమని అడగడం లేదు. గ్రేడు వారీగా ఆ రోజు రేటు, తీసే తరుగు బోర్డు మీద రాయాలని నిబంధన పెట్టండి. కాటాల తనిఖీ మాత్రం చెప్పకుండా చేయించండి. చెప్పి వస్తే ఆ రోజు అన్నీ సరిగ్గానే తూగుతాయి.

ఇట్లు,
ఒక తుక్కు వ్యాపారి