కేసు ముగిసిందని చెప్పే కాగితం

కందుకూరు

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు ఆఫీసు నుంచి మాట్లాడుతూ ఉన్నావు, చెప్పదలచుకున్నది సగంలోనే ఆగిపోయింది. నంబర్లూ సెక్షన్లూ ఉన్న విషయం ఫోన్లో చెప్తే గుర్తుండదు. కాగితం మీద ఉంటే కావాల్సినప్పుడు తీసి చూసుకుంటావు, అందుకని రాస్తున్నాను.

వీసా ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏదైనా నేరంలో శిక్ష పడిందా" అనే ప్రశ్న దగ్గర ఆగిపోయానన్నావు. 2021లో ఉలవపాడు దగ్గర జరిగిన స్కూటీ యాక్సిడెంట్ కేసు గురించే నీ టెన్షన్ అని నాకు అర్థమైంది. కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ సైట్‌లో నెల్లూరు జిల్లా పెట్టి నీ పేరు కొడితే ఏమీ రాలేదని, అంటే రికార్డు లేనట్టే కదా నాన్నా అని అడిగావు. లేనట్టు కాదమ్మా. నువ్వు వెతికిన చోట లేదు, అంతే.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు కందుకూరును తీసుకెళ్లి నెల్లూరు జిల్లాలో కలిపారు. కలెక్టరాఫీసు లెక్క మారింది, ఎస్పీ ఆఫీసు లెక్క మారింది. కోర్టుల లెక్క మాత్రం పాత జిల్లాల ప్రకారమే ఉండిపోయింది. కందుకూరు కోర్టులకు పైకోర్టు ఒంగోలులోని జిల్లా కోర్టే. అప్పట్లో గూడూరును తిరుపతి జిల్లాలో కలిపినా గూడూరు కోర్టు నెల్లూరు జిల్లా కోర్టు కిందే ఉంది చూడు, అలాగన్నమాట. కాబట్టి సైట్‌లో రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్, జిల్లా దగ్గర ప్రకాశం, కోర్టు కాంప్లెక్స్ దగ్గర కందుకూరు పెట్టు.

పేరుతో మాత్రం వెతకొద్దు. స్టేషన్లో రైటర్ నీ పేరును ఇంగ్లీషులో ఏ స్పెల్లింగ్‌తో రాశాడో, ఇంటిపేరు ముందు పెట్టాడో వెనక పెట్టాడో మనకు తెలియదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా సైట్ "రికార్డు లేదు" అంటుంది, జనం అది నమ్మి హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఎఫ్ఐఆర్ నంబరుతో వెతికితే ఆ గొడవ ఉండదు. పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఇస్తే చాలు. పెండింగ్, డిస్పోజ్డ్ అని రెండు ఉంటాయి, నీది ముగిసిన కేసు కాబట్టి డిస్పోజ్డ్ నొక్కాలి. ఎఫ్ఐఆర్ కాపీ నీ సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉండాలి, చూడు. లేకపోతే పోలీసు వెబ్‌సైట్‌లో దొరకొచ్చు. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లన్నీ ఇరవై నాలుగు గంటల్లోగా సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది.

కేసు దొరికాక ముందుగా రాసుకోవాల్సింది సీఎన్ఆర్ నంబరు. మన రాష్ట్రం కేసులకు ఏపీ అనే అక్షరాలతో మొదలవుతుంది, మొత్తం పదహారు అక్షరాలూ అంకెలూ. దేశంలో ఏ రెండు కేసులకూ ఒకే సీఎన్ఆర్ ఉండదు. ఇది ఉంటే ఇక జిల్లా, స్టేషను, పేరు ఏదీ అక్కర్లేదు. దాని తర్వాత కేసు నంబరు: ఎస్‌టీసీ అని ఉంటే సమ్మరీ ట్రయల్ కేసు, సీసీ అని ఉంటే క్యాలెండర్ కేసు. కోర్టులో ఎవరిని అడిగినా మొదట ఈ నంబరే అడుగుతారు.

నువ్వింకో మాట అన్నావు, హెల్మెట్ లేదని పడ్డ చలాన్లు కూడా ఫారంలో రాయాలా అని. అది వేరు, ఇది వేరు. హెల్మెట్ లేదని వచ్చే ఈ-చలానాను మోటారు వాహనాల చట్టం 200 సెక్షన్ కింద అక్కడికక్కడ డబ్బు కట్టి రాజీ చేసుకుంటాం. కట్టేస్తే కోర్టు గడప తొక్కే పనే లేదు, దాని రికార్డు కోర్టులో వెతికినా దొరకదు. కట్టకుండా వదిలేస్తేనే అది కోర్టుదాకా వస్తుంది. తాగి బండి నడిపిన కేసు అలా డబ్బు కట్టి తప్పించుకునేది కాదు, 185 సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు నిలబడాల్సిందే. నీ కేసులో ఒక మనిషికి దెబ్బ తగిలింది కాబట్టి ఐపీసీ 279, 337 సెక్షన్లు పెట్టారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, దానికి ముందు జరిగినది కాబట్టి నీ కాగితాల్లో పాత సెక్షన్లే ఉంటాయి. కొత్త నంబర్లు కనిపించలేదని కంగారుపడకు.

ఇక అసలు విషయం. సైట్‌లో "కేస్ డిస్పోజ్డ్" అని కనిపించే పేజీని ప్రింట్ తీసి జత చేస్తే సరిపోతుందనుకుంటున్నావు. సరిపోదు. అది సమాచారం కోసమే, సర్టిఫైడ్ కాపీగా తీసుకోవద్దని ఆ సైటే చెప్తుంది. నీ చేతిలో ఉండాల్సింది కోర్టు సీలున్న కాపీ. నేను ఉద్యోగమంతా కోర్టు కాపీయింగ్ సెక్షన్లో చేసినవాణ్ణి, ఈ మాట ఊరికే అనడం లేదు.

ఆ కాపీ ఎలా తయారవుతుందో నీకెప్పుడూ చెప్పలేదు. అప్లికేషన్ వేయగానే దానికి సీఏ నంబరు, అంటే కాపీ అప్లికేషన్ నంబరు పడుతుంది. రికార్డు రూమ్ నుంచి కేసు కాగితాల కట్ట తెప్పిస్తారు, పేజీలు లెక్కపెట్టి ఎన్ని స్టాంపులు కావాలో నోటీసు బోర్డులో పెడతారు. స్టాంపులు ఇచ్చాక కాపీయిస్ట్ కాపీ తయారు చేస్తాడు. అప్పుడది ఎగ్జామినర్ బల్ల మీదికి, అంటే నా బల్ల మీదికి వచ్చేది. ఒరిజినల్‌ను ఒకరు పైకి చదువుతుంటే నేను కాపీలో ప్రతి మాట కింద పెన్సిలు జరుపుకుంటూ పోయేవాణ్ణి. పేర్లు, తేదీలు, జరిమానా అంకెలు వచ్చినచోట ఆగి మళ్లీ చదివించేవాణ్ణి. దిద్దినచోట పొట్టి సంతకం, చివర ట్రూ కాపీ ముద్ర, సంతకం, కోర్టు సీలు. కాపీ మీద వరసగా తేదీలు ఉంటాయి: అప్లికేషన్ ఎప్పుడు వేశారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు ఇచ్చారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది, ఎప్పుడు చేతికిచ్చారు. అప్పీలు గడువు లెక్క కట్టేటప్పుడు ఆ తేదీలే ఆధారం. అంత జాగ్రత్తగా తయారైన కాగితం కాబట్టే ఎక్కడ చూపించినా దానికి విలువ.

అప్లికేషన్లో జడ్జిమెంట్ ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. నీ కేసులో నేరం ఒప్పుకున్నావు, జరిమానా వేశారు. అలాంటి తీర్పుల్లో "జరిమానా కట్టకపోతే ఇన్ని రోజులు సాధారణ జైలు" అనే వాక్యం మామూలుగా ఉంటుంది. మన కోర్టుల పద్ధతి తెలియని వీసా ఆఫీసరు ఆ జైలు అనే మాట చూసి ఇంకోలా అనుకునే ప్రమాదం ఉంది. అందుకని జరిమానా కట్టినట్టు ఉన్న రికార్డుకు కూడా కాపీ అడగాలి. చార్జిషీటు కాపీ కూడా కావాలి. నిన్ను అరెస్టు చూపించి స్టేషన్ బెయిల్ ఇచ్చారా, లేక నోటీసు ఇచ్చి పంపారా అన్నది అందులో తెలుస్తుంది. ఫారంలో అరెస్టు ప్రశ్నకు జవాబు దాన్ని బట్టే రాయాలి, నీ జ్ఞాపకాన్ని బట్టి కాదు.

కేసులో ముద్దాయివి నువ్వు కాబట్టి కాపీ అడిగే హక్కు నీది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 363లో ఉన్నదే కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 404గా వచ్చింది. తండ్రినైనా సరే, నేను నా పేరుతో వేస్తే థర్డ్ పార్టీ కింద వస్తాను, ఎందుకు కావాలో కారణం చెప్పుకోవాలి. నువ్వు వకాలత్ మీద సంతకం పెట్టి పంపితే ఇక్కడ వకీలు చేత సులువుగా వేయిస్తాను. ఫీజు గురించి ఆలోచించకు. ఆ మాటకొస్తే ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ చెప్తోంది. నీ స్నేహితురాళ్లకు ఎవరికైనా అవసరమొస్తే 15100కి ఫోన్ చేయమను.

మీ ఆఫీసులో ఎవరో ఆర్టీఐ పెట్టమన్నారన్నావు. కోర్టు రికార్డుల కాపీలకు హైకోర్టు రూల్స్ ప్రకారమే అడగాలి, ఆర్టీఐ కుదరదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ దారిన పోతే నెల వృథా.

ఆలస్యం చేయొద్దని ఎందుకంటున్నానంటే, చిన్న కేసుల కట్టలు కోర్టులో శాశ్వతంగా ఉంచరు. 1917 నాటి రికార్డుల ధ్వంసం చట్టం ఉంది, హైకోర్టు రూల్స్ ఉన్నాయి, గడువు దాటితే తీసేస్తారు. అప్పుడు కాపీ దొరకదు, రికార్డు లేదని అప్లికేషన్ మీద రాసి తిరిగిస్తారు. పోనీ గడువులోపల అంతా భద్రమేనా అంటే, 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులోనే దొంగలు పడి ఒక కేసు ఆధారాలున్న బ్యాగు ఎత్తుకుపోయారు, చివరికి హైకోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అన్నేళ్లు ఆ కట్టల మధ్య బతికినవాణ్ణి.

మన వీధి చివర ఇంట్లో కుర్రాడి సంగతి నీకు తెలుసు. బండి గుద్దిన కేసులో స్టేషన్‌లో సంతకం పెట్టి వచ్చాడు, అయిపోయిందనుకున్నాడు. చార్జిషీటు కోర్టుకెళ్లింది, సమన్లు ఖాళీ చేసిన పాత అద్దె ఇంటికి పోయాయి, వాయిదాకు రాలేదని వారెంటు పడింది. పాస్‌పోర్టు రెన్యువల్‌కు వెళ్లినప్పుడు బయటపడింది. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు ఆపొచ్చని 1967 పాస్‌పోర్టు చట్టంలోనే ఉంది. వాళ్లమ్మ ఆ నెలలు ఎలా గడిపిందో నేను చూశాను. నీ విషయంలో అలాంటిదేమీ లేదు, జరిమానా నా ముందే కట్టావు. కానీ కట్టావన్న సంగతి మనిద్దరికీ తెలిస్తే చాలదు కదా.

ఫారంలో నిజమే రాయి తల్లీ. శిక్ష పడిందా అన్నచోట అవునని రాసి, ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పి, కాపీలు సిద్ధంగా పెట్టుకో. జరిమానా కూడా శిక్షే. ఇంత చిన్నదానికి ఎవరు చూస్తారులే అని ఎవరో అన్నారని చెప్పావు, అలాంటి సలహా వినకు. దాచినట్టు తేలితే అసలు కేసుకన్నా అదే పెద్ద తప్పవుతుంది. ఇంకొకటి. ఆ వివరణలో ఆ తోపుడుబండి పెద్దాయన అడ్డం వచ్చాడని రాయకు. నువ్వు కోర్టులో అలా అనలేదు. నేను నీ వెనకే నిలబడి ఉన్నాను, నువ్వు అడగ్గానే ఒప్పుకున్నావు. ఆ రోజు నాకు నీ మీద గౌరవం పెరిగింది. ఆయన చేయి నయమైంది, ఇప్పటికీ సంతలో కనిపిస్తే నిన్ను అడుగుతాడు.

వకాలత్ ఫారం ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను. పెన్సిలుతో గుర్తు పెట్టినచోట సంతకం పెట్టు, ఆధార్ జిరాక్సు జతచేసి స్పీడ్ పోస్టులో పంపు. ఎఫ్ఐఆర్ నంబరు దొరికితే ఈలోపు వాట్సాప్‌లో పెట్టు, సీఎన్ఆర్ నేనే తీసి ఉంచుతాను. కాపీలు వచ్చాక స్కాన్ చేసి పంపుతాను, ఒరిజినల్ మాత్రం నువ్వు పండక్కి వచ్చినప్పుడే తీసుకెళ్లు. ఇంటర్వ్యూ తేదీ అంతకన్నా ముందే పడితే చెప్పు, నేనే తెచ్చిస్తాను. మీ అమ్మ కూడా వస్తానంటోంది.

ఆశీస్సులతో,
నాన్న