ఆక్యుపేషనల్ థెరపీ గురించి డిగ్రీ మొదటి ఏడాదిలోనే చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ చదువుల పేజీలో నీట్, ఇంజినీరింగ్ గురించి వారం వారం రాస్తున్నారు. ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బో వైకల్యమో ఉన్నవాళ్లు రోజువారీ పనులు తమంతట తామే చేసుకునేలా నేర్పే చికిత్స) గురించి కూడా ఒక్కసారి రాయండి. మాది సూళ్లూరుపేట, చెన్నైలో బీఎస్సీ సైకాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఈ కోర్సు పేరెత్తితే మా ఇంట్లో అందరూ "ఫిజియోథెరపీయేగా" అంటారు. కాదు.

మా తాతయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పినప్పుడు పెరంబూరులో ఒక థెరపిస్టు దగ్గరికి నేనే తీసుకెళ్లేదాన్ని. ఆవిడ వచ్చీరాని తెలుగులో మొట్టమొదట అడిగింది, "తాతా, ఇంట్లో నీ అంతట నువ్వు ఏం చేసుకోవాలి?" అని. ఇంకొకరి చేత అన్నం తినిపించుకోవడం నావల్ల కాదమ్మా, నేనే తినాలి అన్నాడు. ఇక అన్నీ దాని చుట్టూనే. స్పూను పిడికి గుడ్డ చుట్టి లావు చేసింది, పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ వేసింది, తర్వాత గిన్నెలో సెనగలు ఏరమంది, పిండి కలపమంది. మూడు నెలలకి చారన్నం తన చేత్తో తనే కలుపుకున్నాడు. నేను చదవాల్సింది ఇదేనని ఆ రోజే అనుకున్నాను.

కానీ మన దేశంలో ఈ చదువు ఇంటర్ తర్వాత బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ)తోనే మొదలవుతుంది. ఎంఓటీకి (అందులోనే పీజీకి) బీఓటీ ఉండి తీరాలి, సైకాలజీ డిగ్రీతో కుదరదు. అమెరికాలో ఏ డిగ్రీ చేసినవాళ్లయినా మాస్టర్స్‌కో డాక్టరేట్‌కో దరఖాస్తు చేయొచ్చు. ఒక కన్సల్టెన్సీలో ఈ సగం మాటే చెప్పారు, నేనూ నిశ్చింతగా ఉండిపోయాను. తీరా చూస్తే అక్కడ చాలా కాలేజీలు అనాటమీ, ఫిజియాలజీ (ల్యాబ్‌తో సహా), స్టాటిస్టిక్స్, డెవలప్‌మెంటల్ సైకాలజీ, అబ్నార్మల్ సైకాలజీ ముందే చదివి ఉండాలంటాయి. మిగతావి నాకున్నాయి, అనాటమీ ల్యాబ్ మాత్రం లేదు. ఒక్కో కాలేజీది ఒక్కో లెక్క, మన మూడేళ్ల డిగ్రీని అన్నీ ఒప్పుకోవు కూడా. మొదటి ఏడాదే తెలిసుంటే సబ్జెక్టులు వేరేగా ఎంచుకునేదాన్ని.

ఇంకొకటి, థెరపిస్టు పక్కనుండి పని చూసిన గంటలు. అమెరికా కాలేజీల్లో చాలా చోట్ల వాటిని థెరపిస్టు సంతకంతో అడుగుతారు. తాతయ్యతో నేను కూర్చున్న గంటలకి ఏ కాగితమూ లేదు. ఇప్పుడు ప్రతి శనివారం ఒక పిల్లల సెంటర్‌కి వెళ్తున్నాను, ఏ రోజు గంటలకి ఆ రోజే సంతకం పెట్టించుకుంటున్నాను. మొన్న ఆరేళ్ల బాబు స్కూలు చొక్కా గుండీ ఒక్కటి పెట్టుకోవడానికి పావుగంట పట్టింది, వాళ్లమ్మ చెయ్యి చాపబోతే థెరపిస్టు కళ్లతోనే వద్దంది. మార్కులెన్ని వచ్చినా ఆ పావుగంట ఓపిక నీకుందో లేదో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

నెల్లూరులో బైపీసీ చదువుతున్న మా పిన్ని కూతురికి వేలూరు సీఎంసీ గురించీ, ఇక్కడే ముట్టుకాడులో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్మెడ్ గురించీ చెప్పాను. రెండు చోట్లా బీఓటీ ఉంది. దానికి చెప్పడానికి నేనున్నాను, మిగతా పిల్లలకి మీ పేజీయే చెప్పాలి. కాలేజీలు తెరిచేలోపు రాయగలరా?

– ఒక డిగ్రీ విద్యార్థిని, పెరంబూరు, చెన్నై