పెర్సిమన్ ఎలా తినాలో చెప్పేముందు ఏ రకమో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పెర్సిమన్ అనే నారింజ రంగు పండు మీద అరపేజీ వచ్చింది. ఈ పండు గురించి తెలుగులో ఎవరైనా రాస్తే బాగుండునని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. అందుకే ఆ పేజీ కనబడగానే మిగతావన్నీ పక్కన పెట్టి చదివాను. ఫొటో ముచ్చటగా ఉంది. పోషకాల వివరాలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఎలా తినాలి అన్న దగ్గర ఒక్క వాక్యంతో సరిపెట్టారు, శుభ్రంగా కడిగి ముక్కలు కోసుకుని తినేయడమే అని. మీరు వేసిన ఫొటోలో ఉన్నది కిందికి మొనదేలిన కోల పండు. దాన్ని గట్టిగా ఉండగా కోసుకుని తిన్నవాళ్ళు మళ్ళీ పెర్సిమన్ జోలికి పోరు. మా ఇంట్లో దాదాపు అదే జరిగింది.

నేను 31 ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆరేళ్ళ కిందట మా అబ్బాయి అలాంటి పండ్లే నాలుగు తెచ్చాడు. రంగు చూసి పండిపోయాయనుకున్నాం. ఎవరైనా అలాగే అనుకుంటారు, ఎందుకంటే ఈ రకం లోపల ఇంకా పచ్చిగా ఉండగానే పైకి నారింజ రంగు తిరిగిపోతుంది. మావారు ఒక ముక్క నోట్లో వేసుకుని రెండుసార్లు నమిలి, ఏమీ మాట్లాడకుండా లేచి సింకు దగ్గరికి వెళ్ళిపోయారు. నేనూ కొరికాను. ముందు కాస్త తీపి తగిలింది. ఆ వెంటనే నాలుక మీదా అంగిట్లోనూ గరుగ్గా ఒక పొర పరుచుకుంది. నోట్లో తడి ఉంది, ఉన్నట్టు తెలియడం లేదు. పెదవులు లోపలివైపు పళ్ళకు అంటుకుపోతున్నాయి. నీళ్ళు తాగినా పోలేదు. వగరు అనే మాటకి అసలు అర్థం నాకు ఆ రోజు తెలిసింది.

మిగిలిన మూడూ పారేయమన్నారు మావారు. నేను పారేయలేదు. ఆ వగరు టానిన్లు అనే పదార్థాల పని అని నాకు తెలుసు, అవి ఎప్పుడు లొంగుతాయో చూద్దామనిపించింది.

పండు గుజ్జులో టానిన్లతో నిండిన కణాలు ప్రత్యేకంగా ఉంటాయి. కొరికినప్పుడు అవి పగిలి టానిన్లు లాలాజలంలో కలుస్తాయి. నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లు కొన్ని లాలాజలంలో ఉంటాయి కదా, టానిన్లు వెళ్ళి వాటిని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. జారుడు పోతుంది, నోరు గరుగ్గా అవుతుంది. పండు మెత్తబడే కొద్దీ ఈ టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని, కరగని పెద్ద ముద్దలుగా మారిపోతాయి. అవి పండులోనే ఉంటాయి, ఎక్కడికీ పోవు. కరగవు కాబట్టి నాలుకకి తగలవు, అంతే. గింజ తయారుకాకముందే ఎవరూ పండుని ముట్టుకోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు ఇది. క్లాసులో ఈ పాఠం చెప్పినన్నాళ్ళూ నా దగ్గర ఇంత మంచి ఉదాహరణ లేకపోయిందే అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సరే, ఆ మూడు పండ్లనీ ఒక యాపిల్‌తో పాటు కాగితం సంచిలో పెట్టి, మూతి మడిచి వంటింటి అలమరలో ఉంచాను. యాపిల్, అరటి పండు ఇథిలీన్ అనే వాయువుని వదులుతాయి, పక్కనున్న పండు తొందరగా మగ్గుతుంది. నాలుగో రోజుకి కాస్త మెత్తబడ్డాయి. మనవరాలు "నానమ్మా, అయిపోయినట్టున్నాయి" అంటే చిన్న ముక్క నాకి చూశాను. వగరు అలాగే ఉంది. ఈ రకంలో కాస్త మెత్తబడితే చాలదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, దోరపండు అయింది కదా అని కోసేస్తారు. తొమ్మిదో రోజుకి పండు చేతిలో పట్టుకుంటే నీళ్ళు నింపిన బుడగలా జారిపోతోంది. తొక్క పలచబడి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే లోపలి గుజ్జు మెరుస్తున్నట్టు కనబడింది. చూస్తే కుళ్ళిపోయిందేమో అనిపిస్తుంది. అప్పుడు తినాలి.

దాన్ని కోయకూడదు, కోస్తే పళ్ళెం నిండా కారిపోతుంది. చిన్న గిన్నెలో తొడిమ పైకి ఉండేలా నిలబెట్టి, చాకు కొసతో తొడిమ చుట్టూ గీసి, మూతలా ఎత్తేయాలి. ఆ తర్వాత చెంచాతో లోపలి గుజ్జు తీసుకోవడమే. లోపల గుజ్జంతా ఒకేలా ఉండదు. చుట్టూ పలచని పాకంలా ఉండి, మధ్యలో జెల్లీ లాంటి తొనలు నాలుకంత పొడవున వస్తాయి, కొరకబోతే చిన్నగా సాగి జారిపోతాయి. మా మనవరాలికి ఆ తొనలే ఇష్టం, వాటి కోసం గుజ్జంతా కెలికేస్తుంది. తొక్కలో మాత్రం వగరు కాస్త మిగిలే ఉంటుంది, గీకి గీకి తినవద్దు. పైన చక్కెర, తేనె లాంటివేమీ వద్దు. మరీ తీపిగా అనిపించినవాళ్ళు రెండు చుక్కలు నిమ్మరసం పిండుకోవచ్చు. ఈ పండులో పులుపు దాదాపు లేదు, ఆ రెండు చుక్కలతో రుచి లేచి నిలబడుతుంది.

ఇంతసేపూ చెప్పింది హచియా లాంటి కోల రకం గురించి. రెండోది ఫుయూ లాంటి రకం. అది టమాటాలా చదునుగా, గుండ్రంగా ఉంటుంది. దాన్ని యాపిల్‌లా గట్టిగా ఉండగానే కరకరా తినొచ్చు, తొక్కతో సహా. అడ్డంగా కోస్తే చక్రం మధ్యలో నక్షత్రం ఆకారం కనబడుతుంది. పలచని చక్రాలు కోసి, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి చల్లి, నిమ్మకాయ పిండితే అంతకన్నా ఏమీ అక్కర్లేదు. సలాడ్‌లో వేస్తారు, ఛీజ్ ముక్కతో కలిపి తింటారు, వాల్‌నట్‌లు దీనికి బాగా నప్పుతాయి. ఫుయూ కూడా వారం పది రోజులుంచితే మెత్తబడుతుంది, అప్పుడు దాన్నీ చెంచాతో తినొచ్చు. నాకైతే ఇంకా కరకరలాడుతూ, వేలితో నొక్కితే కొద్దిగా లొంగే రోజున బాగుంటుంది. పూర్తిగా గట్టిగా ఉన్నప్పుడు తీపి ఉంటుంది కానీ వాసన ఉండదు.

మీరు చెప్పినట్టు కడిగి కోసుకుని తినమనేది ఈ రెండో రకానికి సరిపోతుంది. ఫొటో మాత్రం మొదటి రకానిది.

పోనీ కోలగా ఉంటే మగ్గబెట్టండి, చదునుగా ఉంటే కోసుకోండి అని రాస్తే చాలా అంటే, అదీ చాలదు. స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో రోహో బ్రిలాంటే అనే రకం విరివిగా పండిస్తారు. అది కాస్త కోలగానే ఉంటుంది, స్వతహాగా వగరు రకమే. కానీ చెట్టు నుంచి కోశాక దాన్ని కార్బన్ డయాక్సైడ్ నింపిన గదిలో ఒక రోజు అటూ ఇటుగా ఉంచుతారు. గాలి ఆడక పండులో అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారై టానిన్లని గడ్డకట్టిస్తుంది. పండు గట్టిగానే ఉంటుంది, వగరు పోతుంది. ఇక ఇజ్రాయెల్ నుంచి షారన్ పేరుతో వచ్చే పండు చూడటానికి చదునుగా ఉంటుంది, ఫుయూ అనుకుంటాం. అది ట్రయంఫ్ అనే వగరు రకం, దాన్నీ ఇలాగే వగరు తీసి అమ్ముతారు. కాబట్టి ఆకారం చూసి సగమే చెప్పగలం. అమ్మేవాళ్ళని అడగాలి, స్టిక్కర్ మీద పేరు చూడాలి. రెండూ కుదరకపోతే నేను చేసే పని చెబుతాను. పండు పక్క నుంచి కాగితమంత పలచని ముక్క కోసి నాలుక కొసకి తాకిస్తాను. వగరు రకమైతే ఆ కాస్తకే తెలిసిపోతుంది. నోరంతా పాడుచేసుకోనక్కర్లేదు. పండు మరీ పచ్చిగా లేకపోతే దాన్ని అలాగే డీప్ ఫ్రీజర్‌లో పెట్టేస్తాను.

ఫ్రీజర్ సంగతి మీ వ్యాసంలో లేదు. మా ఇంట్లో ఎక్కువ పండ్లు వెళ్ళేది అక్కడికే. గడ్డకట్టినప్పుడు కణాలు చిట్లి గుజ్జు మెత్తబడుతుంది, ముప్పావు మగ్గిన పండులో మిగిలిన వగరు కూడా చాలావరకు పోతుంది. బాగా మగ్గినదాన్ని రాత్రి పెట్టి, మర్నాడు బయటికి తీసి అరగంట ఆగి, తొడిమ కోసి చెంచాతో గీకితే ఐస్‌క్రీమ్ లాగే ఉంటుంది. పాలు, క్రీమ్, పంచదార ఏవీ కలపలేదని మొదటిసారి తిన్నవాళ్ళు నమ్మరు.

పాలంటే గుర్తొచ్చింది. బాగా మగ్గిన గుజ్జు రెండు వంతులు, చల్లని పాలు ఒక వంతు మిక్సీలో ఒక్కసారి తిప్పి, చిన్న గిన్నెల్లో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు గంటల్లో పుడ్డింగ్‌లా గడ్డకడుతుంది. జెలటిన్ అక్కర్లేదు, పొయ్యి వెలిగించక్కర్లేదు. పండులో ఉండే పెక్టిన్ అనే చిక్కబరిచే పదార్థం, పాలలోని కాల్షియం కలిసి చేసే పని అది. మనవరాలు గిన్నె తలకిందులు చేసి చూపించి "నానమ్మా, పడట్లేదు!" అని కేకలు పెట్టింది. కారణం చెబితే తన సైన్సు నోట్సులో రాసుకుంది. ఆ సాయంత్రం నాకు మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టే ఉంది.

ఈ పండుతో కేకులు, జామ్‌లు చేసేవాళ్ళూ ఉన్నారు. నాకు అంత ఆసక్తి లేదు, పైగా వేడి చేస్తే కొన్నిసార్లు పోయిన వగరు తిరిగి వస్తుంది. జపాన్, కొరియా, చైనాలలో తొక్క తీసి దారాలకు వేలాడగట్టి వారాల తరబడి ఎండబెట్టుకుంటారు. జపాన్‌లోనైతే మధ్యమధ్యలో చేత్తో మెల్లగా పిసుకుతూ ఉంటారు. పైన తెల్లగా పట్టేది బూజు కాదు, పండులోని చక్కెరే బయటికి వచ్చి పొడిలా నిలుస్తుంది. అదంతా వేరే పెద్ద కథ, దానికి మరో అరపేజీ కావాలి.

జాగ్రత్తలు రెండు తప్పకుండా రాయవలసింది. పచ్చి పండులోని టానిన్లు కడుపులోని ఆమ్లంతో కలిసి ముద్ద కడతాయి. వగరు పండ్లు ఎక్కువగా తింటే, ముఖ్యంగా పరగడుపున, ఆ ముద్ద పీచుతో కలిసి రాయిలా గట్టిపడే ప్రమాదం ఉంది. వైద్యులు దాన్ని బెజోర్ అంటారు. జీర్ణాశయానికి ఆపరేషన్ అయినవాళ్ళు, అరుగుదల బాగా నెమ్మదిగా ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా తినకూడదు. ఇక 100 గ్రాముల పండులో పిండిపదార్థాలు సుమారు 18 గ్రాములు ఉంటాయి, అందులో ఎక్కువ భాగం చక్కెరే. మావారికి షుగర్ ఉంది. ఆయనకి సగం పండు, అదీ భోజనం అయ్యాక, లెక్కగా పెడతాను. ఆరేళ్ళ కిందట సింకు దగ్గరికి పరుగెత్తిన మనిషి ఇప్పుడు మిగతా సగం ఎవరికి ఇచ్చావని అడుగుతారు.

సంపాదకులకు నా మనవి ఇదీ. వచ్చే అనుబంధంలో రెండు రకాల పండ్లూ పక్కపక్కన ఉన్న ఫొటో వేసి, ఏది గట్టిగా ఉండగా తినొచ్చో, ఏది పూర్తిగా మెత్తబడేదాకా ఆగాలో నాలుగు వాక్యాలు రాయండి. నాలుకతో తాకి చూసే పద్ధతి కూడా చేర్చండి. వీలైతే ఈ ఆదివారమే వేయండి. మీ వ్యాసం చూసి కొన్నవాళ్ళ ఇళ్ళలో ఆ పండ్లు ఇంకా గట్టిగానే ఉండి ఉంటాయి. ఒకటి కొరికి మిగతావి పక్కన పడేసి ఉంటారు. చెత్తబుట్టలో వేయకుండా ఇంకో వారం ఆగమని వాళ్ళకి చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు