వాగును చూపించారు, పాలన మాటేమిటి?
మూసీ ప్రక్షాళనకు నమూనాగా సియోల్‌లోని చంగేచన్ వాగును చూపే కథనాలన్నీ 2005లో ముగిసిన పునరుద్ధరణ దగ్గరే మొదలవుతున్నాయి, అంతకుముందు ఆ నగరాన్ని ఎవరు ఎలా నడిపారో ఒక్క ముక్కా ఉండడం లేదు. 1394లో కొరియాలోని చోసన్ రాజ్యానికి రాజధాని అయిన హన్‌యాంగ్‌ను (నేటి సియోల్‌ను) హన్‌సంగ్‌బు అనే కార్యాలయం చూసుకునేది. దాని అధిపతి పన్యున్‌కు మంత్రులతో సమానమైన హోదా. నగరాన్ని ఐదు విభాగాలు చేసి, వాటిని పేటలుగా విడగొట్టి, మూడేళ్లకోసారి ఇంటింటి లెక్క రాసేవారు. కోటగోడ బయట సుమారు నాలుగు కిలోమీటర్ల దాకా ఆ కార్యాలయానిదే అధికారం, అక్కడ చెట్లు కొట్టినా శవాలు పూడ్చినా నేరమే. అయినా కొండలు బోడిగా మారి వాగు మట్టితో నిండిపోతే 1760లో యోంగ్జో రాజు సుమారు 2 లక్షల మందితో 57 రోజులు పూడిక తీయించాడు. అంతటితో చేతులు దులుపుకోలేదు, వాగు కోసమే జున్‌చన్‌సా అనే శాఖను పెట్టాడు. సియోల్ వెళ్లినప్పుడు ఆ వాగు మీద నుంచి జాంగ్‌చుంగ్దాన్ పార్కుకు తరలించిన సుప్యోగ్యో రాతి వంతెన కిందికి వంగి చూశాను. స్తంభం మీద పూడిక తీసిన ఆ 1760 ఏడాది పేరుతో నాలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి, పూడిక ఎంతవరకు తీయాలో చెప్పే మట్టం అది. (మన బృందాలు ఫొటోలు దిగే ఒడ్డున ఇది కనబడదు లెండి.) మూసీ అభివృద్ధి సంస్థలోనూ పూడికతీతకు ప్రత్యేక నిధితో శాశ్వత విభాగం ఏర్పాటు చేయాలి. ప్రతి వంతెన స్తంభంపైనా మట్టం గుర్తు వేయించి, వానాకాలానికి ముందు ఆ కొలతలను పత్రికల్లో ప్రకటించాలి.
- ఒక పాఠకుడు, హైదరాబాద్